ప్రీగాబలిన్ మాత్రలు, ఎం.సి.ఆర్. చెప్పులు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

షుగర్ వల్ల వచ్చిన నరాల జబ్బుకు కొన్నేళ్లుగా ప్రీగాబలిన్ మాత్రలు, మెత్తటి రబ్బరు అట్ట ఉన్న ఎం.సి.ఆర్. చెప్పులు వాడుతున్నాను. రెండూ పనికొచ్చేవే, కానీ ఒకటి చేసే పని రెండోది చేయదు. మాత్ర మంటను తగ్గిస్తుంది. పోయిన స్పర్శను తెచ్చివ్వదు. మంట తగ్గింది కదా అని పాదాలను పట్టించుకోనివాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు రాత్రి పడుకోగానే అరికాళ్లు భగభగ మండేవి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ని. పగలేమో నేల సరిగ్గా తెలిసేది కాదు. ఒకసారి కూరగాయల బజారులో మా ఆవిడ వెనక నుంచి "ఏమండీ, ఎడమ కాలి చెప్పు అక్కడే వదిలేశారు" అని పిలిస్తే గానీ చెప్పు జారిపోయిన సంగతి తెలియలేదు. మంట, మొద్దుబారడం ఒకే పాదంలో ఉండొచ్చు. పాదాలకు వెళ్లే నరాలు ఒంట్లో అన్నిటికన్నా పొడవైనవి. షుగర్ చాలాకాలం అదుపు తప్పితే ముందు వాటి చివరలే దెబ్బతింటాయి. అందుకే వేళ్ల దగ్గర మొదలై, రెండు కాళ్లకూ పైకి పాకుతుంది.

డాక్టరు గారు నన్ను కళ్లు మూసుకోమని, 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగును వంగేదాకా అరికాలికి ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. బొటనవేలి కింద ఆనించినా నాకేమీ తెలియలేదు. ఈ పరీక్షకు నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా అడిగి చేయించుకోండి. రక్తంలో బి12 కూడా చూపించుకోండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో అది తగ్గొచ్చు. ఆ లోటుకీ ఇవే తిమ్మిర్లు వస్తాయి. నాకు తక్కువే ఉందని తేలి ఇంజెక్షన్లు ఇచ్చారు. లోటు లేనివాళ్లకు మాత్రం ఆ విటమిన్ వల్ల మంట తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. "నరాల బిళ్ల" అని షాపులో అడిగి తెచ్చుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఇక ప్రీగాబలిన్. రాత్రిపూట 75 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి తర్వాత పెంచారు. దెబ్బతిన్న నరాలు అదేపనిగా పంపే నొప్పి సంకేతాలను ఇది తగ్గిస్తుంది. మంట నాకు పూర్తిగా పోలేదు, సగానికి పైగా తగ్గింది. నిద్ర పట్టింది, నా మటుకు అదే పెద్ద లాభం. మొదట్లో పొద్దున లేవగానే తల తూలేది. బరువు పెరిగాను, సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వచ్చేది. మత్తు తగ్గేదాకా బండి నడపలేదు. కిడ్నీల పనితీరును బట్టి దీని డోసు తగ్గించాలి కాబట్టి క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. బాగుందని ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఇది పడకపోతే డ్యులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ అనే మందులు ఉన్నాయి. ఈ మూడింట్లో దేనితో మొదలుపెట్టినా నొప్పి దాదాపు ఒకేలా తగ్గిందని, ఒకటి చాలకపోతే ఇంకొకటి కలిపితే మేలని 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం తేల్చింది. కాబట్టి పక్కింటాయనకు పడిన మందే మీకూ కావాలని పట్టుబట్టకండి. గుండె జబ్బు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉంటే అమిట్రిప్టిలిన్ విషయంలో మరీ జాగ్రత్త.

పోయిన స్పర్శ తిరిగొస్తుందంటూ ఒకచోట నాకు ఖరీదైన మసాజ్ మెషీన్ అంటగట్టారు. నా పాదానికి ఏ తేడా రాలేదు. ఆ డబ్బుతో చెప్పులు కొనుక్కోవచ్చు.

చెప్పుల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎం.సి.ఆర్. అంటే మైక్రో సెల్యులార్ రబ్బరు. మన దేశంలో కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాలకు దీన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. మెత్తటి అట్ట బరువును అరికాలంతా పంచుతుంది, ఒకేచోట ఒరిపిడి పడి పుండు కాకుండా చూస్తుంది. వెనక పట్టీ, వెల్క్రో ఉన్నవి, మేకులు లేనివి చూసుకోండి. కాళ్లు వాచే సాయంత్రం పూటే కొలత ఇవ్వండి. బొటనవేలితో నొక్కితే అట్ట మళ్లీ పైకి లేవనప్పుడు మార్చేయాలి. చూడ్డానికి మోటుగా ఉంటాయి, ధరా ఎక్కువే, అయినా కొనదగినవే.

వాటితోనూ నిశ్చింతగా ఉండలేం. నేను రోజూ పడుకునేముందు అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. ఒక సాయంత్రం మడమ దగ్గర చిన్న నల్ల చుక్క కనిపించింది. చెప్పును తిరగేస్తే అట్టలో తుమ్మముల్లు దిగి ఉంది. రోజంతా దానిమీదే నడిచినా చురుక్కుమనలేదు. అప్పటినుంచి వేసుకునేముందు లోపల చేత్తో తడిమి చూస్తున్నాను. గుడికి ఎండ ఎక్కకముందే, మందపాటి నూలు మేజోళ్లతో వెళ్తాను. వేసవిలో రాతి ప్రాంగణంలో ప్రదక్షిణలు చేస్తే బొబ్బలెక్కినా మనకు తెలియదు. వేడినీళ్ల కాపడం, ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవడం మానేయండి.

ఒక కాలికే ఉన్నట్టుండి బలం తగ్గినా, తిమ్మిరి రోజుల వ్యవధిలోనే పైకి ఎక్కుతున్నా షుగర్ వల్లేలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. చెప్పులు రెండు జతలు కొనండి. ఒకటి బయటికి, ఒకటి ఇంట్లోకి.