చేపల తొట్టి వాసనకు సీసాలు కొనకండి: హనుమకొండలో నాకు ఎదురైన అనుభవం

వరంగల్, హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లో మొదటిసారి ఆక్వేరియం కొనబోతున్న వారు, కొన్న కొద్ది వారాలకే ఇంట్లో దుర్వాసన మొదలై దుకాణం చుట్టూ తిరుగుతున్న వారు డబ్బు చెల్లించే ముందు ఇది ఒకసారి చదవాలని కోరుతున్నాను. గత ఫిబ్రవరిలో మా అబ్బాయి పుట్టినరోజుకు హనుమకొండలోని ఒక దుకాణంలో రెండు అడుగుల తొట్టిని, చేపలు, ఫిల్టరు, రాళ్లతో సహా 6,800 రూపాయలకు కొన్నాను. మే నెలాఖరుకు నా ఖర్చు 11,000 దాటింది. తరువాత కొన్నవాటితో కలిపి పదిహేను చేపల్లో బతికినవి రెండే. దుకాణం పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో అమ్మడం ఆ తరువాత మరి రెండు చోట్ల కూడా చూశాను.

అమ్మేటప్పుడు నాకు చెప్పిన మాట ఇది: "ఇయ్యాల నీళ్లు పోసి ఇయ్యాలనే చేపలు ఇడువుండ్రి సార్, ఏం కాదు." మొదటి పొరపాటు అక్కడే జరిగింది. చేపల విసర్జన నుంచీ మిగిలిపోయిన మేత నుంచీ అమ్మోనియా పుడుతుంది. దానిని ముందు నైట్రైటుగా, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలోనూ రాళ్ల మీదనూ స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు తొట్టి నిండా చేపలు వేస్తే నీరు విషమవుతుంది. అమ్మోనియా చేపలను చంపే స్థాయికి చేరినా మన ముక్కుకు తెలియకపోవచ్చు కాబట్టి, నీళ్లు తేటగా, వాసన లేకుండా ఉన్నాయన్నది భరోసా కాదు.

రెండో పొరపాటు చేపల ఎంపిక. ఆరు గోల్డ్ ఫిష్‌లు, అద్దానికి అంటుకుని పాచి తినే ఒక సక్కరు చేప, వాటితో పాటు "షార్కు" అని నాలుగు వెండి రంగు పిల్లలను ఇచ్చారు. ఆ పేరు విని మా అబ్బాయి ఎగిరి గంతేశాడు. అది షార్కు కాదు. మనం చేపల మార్కెట్లో కిలోల లెక్కన కొనే పంగస్ చేప పిల్లే అది, పూర్తిగా పెరిగితే మీటరు దాటుతుంది. గోల్డ్ ఫిష్ కూడా తన శరీరానికి మించి మురికి చేసే చేప. ఈ పదకొండింటినీ రెండు అడుగుల తొట్టిలో పెట్టడమంటే ఒక్క గదిలో నాలుగు కుటుంబాలను ఉంచడమే.

మూడోది, నా దృష్టిలో అన్నింటికన్నా పెద్దది, రంగురాళ్లు. అడుగున నాలుగు అంగుళాల మందాన రాళ్లు పోస్తే అందంగా ఉంటుందని చెప్పి దాదాపు పాతిక కిలోలు అంటగట్టారు. కిలో లెక్కన అమ్మే సరుకు కాబట్టి ఆ సలహా ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది. తొట్టి లోపలి కొలత సుమారు 54 లీటర్లు. అడుగున నాలుగు అంగుళాలు రాళ్లకు, పైన కొంత ఖాళీకి వదిలితే చేపలు ఈదడానికి మిగిలేది ముప్పై లీటర్లకు కాస్త ఎక్కువ, అంతే.

రెండో వారంలో నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఫోన్ చేస్తే నీలిరంగు మందు పది చుక్కలు వేసి, గుప్పెడు దొడ్డుప్పు కలపమన్నారు. ఆ నీలిమందు మిథిలీన్ బ్లూ. బూజు పట్టిన చేపను విడిగా బకెట్‌లో ఉంచి చికిత్స చేయడానికి అది పనికొస్తుంది కానీ, నడుస్తున్న తొట్టిలో పోస్తే అప్పుడప్పుడే పుడుతున్న మంచి బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. ఆ సంగతి నాకు తెలియదు. దుకాణదారుకు తెలియదనుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

మార్చి మధ్య నుంచి హాల్లో వాసన మొదలైంది. "ఇది చేపల వాసన కాదు బిడ్డా, మోరీ వాసన" అని మా అమ్మ మొదటిరోజే అన్నది. నేను పట్టించుకోలేదు. దుకాణం వాళ్లు నెలకు 500 రూపాయలకు "సర్వీసు" కుదుర్చుకోమన్నారు, కుదుర్చుకున్నాను. వచ్చిన కుర్రవాడు చేపలను బకెట్‌లో వేసి, నీళ్లన్నీ పారబోసి, పైపైన ఉన్న రాళ్లను, ఫిల్టరు స్పాంజిని నల్లా కింద రుద్ది కడిగి, కొత్త నీళ్లు పోసి, సెంటు వాసన వచ్చే ఒక ద్రవం రెండు మూతలు కలిపి వెళ్లాడు. ఆ సాయంత్రం ఇల్లంతా మల్లెపూల వాసన. పదో రోజుకు మళ్లీ మోరీ.

ఈ సర్వీసు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇళ్లలో ఇదే జరుగుతోంది. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది, మన తాగునీటి భద్రత కోసం అది ఉండాలి కూడా. కానీ స్పాంజిని ఆ నీటితో కడిగితే అందులో నిలదొక్కుకున్న బ్యాక్టీరియా చాలావరకు చనిపోతుంది, తొట్టి మళ్లీ మొదటి రోజుకు చేరుతుంది. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండాలి. నీటిని వారానికి పావు వంతు మాత్రమే మార్చాలి. కొత్త నీటిలో క్లోరిన్‌ను విరిచే చుక్కల మందు, అంటే సోడియం థయోసల్ఫేట్, కలిపిన తరువాతే పోయాలి. నెలకోసారి మొత్తం కడిగే సర్వీసు వాసనను పోగొట్టకపోగా వచ్చే నెల సర్వీసుకు కావలసిన వాసనను తయారు చేసి వెళ్తుంది. అది కావాలని చేసేదని నేను అనను. కానీ మూడు నెలలు నా దగ్గర 1,500 రూపాయలు తీసుకున్నవారు ఒక్కసారైనా రాళ్ల అడుగు వరకు చూడలేదు.

సీసాల సంగతి కూడా చెప్పాలి. వాసనకని, తేటదనానికని, "మంచి బ్యాక్టీరియా"కని నాలుగు సీసాలు కొన్నాను. రెండింటి మీద తయారీదారు చిరునామా గానీ, తయారైన నెల గానీ, గరిష్ఠ ధర గానీ లేదు. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం ఇవన్నీ తప్పనిసరిగా ముద్రించాలి. అవి లేని సీసాలో ఏముందో అమ్మేవారికే తెలియదు. యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి 450 రూపాయలకు ఇచ్చారు, దానితో వాసన నిజంగానే తగ్గింది. అయితే కార్బన్ కొన్ని వారాలకు నిండిపోయి పనిచేయడం మానేస్తుందని, అప్పుడు మార్చాలని ఎవరూ చెప్పలేదు. పైగా అది నీటిలోని వాసనను పీల్చుకుంటుందే తప్ప వాసన పుట్టే చోటును ముట్టుకోదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చి ఐదు గంటలకు పైగా కరెంటు పోయింది. ఫిల్టరు ఆగితే డబ్బాలోని స్పాంజికి ఆక్సిజన్ అందక బ్యాక్టీరియా చచ్చి కుళ్లుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లునంతా ఫిల్టరే తొట్టిలోకి నెట్టింది. మన ఎండాకాలంలో ఇది మరింత ప్రమాదం, ఎందుకంటే వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఉండేది 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. పైగా నీరు వేడెక్కిన కొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. మర్నాడు తెల్లవారేసరికి నాలుగు చేపలు తేలాయి.

అసలు కారణం తెలిసింది మే నెలలో. ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే నా మిత్రుడు ఇంటికి వచ్చి, తొట్టి మీదికి వంగి వాసన చూసి, ఒక సన్నని పుల్ల అడిగి, రాళ్లలోకి అడుగు దాకా గుచ్చాడు. బుడబుడమని బుడగలు పైకి వచ్చాయి, దానితో పాటు మురిగిన గుడ్డు వాసన గది నిండింది. 2024 చివర పూడికతీత కోసం భద్రకాళి చెరువు నీటిని వదిలాక గట్టు మీద నడిచినవారికి ఆ నల్లమట్టి ఎలా ఉంటుందో తెలిసే ఉంటుంది. మా తొట్టి అడుగున ఉన్నది అదే నలుపు. మందపాటి రాళ్ల సందుల్లోకి దిగిన మేత, మలం ఆక్సిజన్ అందని చోట కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. అది చేపలకు చాలా తక్కువ మోతాదులోనే విషం. ప్లాస్టిక్ కోట బొమ్మ లోపల, ఎప్పుడో చనిపోయిన సక్కరు అవశేషాలు కూడా దొరికాయి. దాక్కుందని అనుకుంటూ నెల రోజులు గడిపాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీ తొట్టిలోనూ ఇదే పరిస్థితి ఉంటే చేపలు లోపల ఉండగా రాళ్లను ఒక్కసారిగా కెలకవద్దు. ముందు చేపలను పాత నీళ్లు పోసిన బకెట్‌లోకి మార్చి, ఎయిర్ పంపు పెట్టి, కిటికీలు తెరిచి, ఆ తరువాతే రాళ్లు తీయండి. ఫిల్టరు స్పాంజిని కూడా ఎండనివ్వకుండా అదే బకెట్‌లో నడవనివ్వండి.

మా వైపు తప్పు లేదని చెప్పను. పిల్లలు ఎవరికి వారు మేత వేసేవారు, రోజుకు నాలుగైదు సార్లు. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలన్న మాట కొనే రోజే చెప్పి ఉంటే డబ్బా అల్మారా పైన పెట్టేవాళ్లం. నిజానికి ఎక్కువ వేయాలనే సలహా మేతతో పాటే వచ్చింది.

డబ్బు వెనక్కి అడగడానికి వెళ్తే చేతిరాత చిట్టీ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న ముద్రను చూపించారు. నా దగ్గర సరైన బిల్లు లేదు, ఇంకో సీసా మాత్రం ఉచితంగా ఇస్తామన్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో గానీ, గడువు రాయకపోతే 30 రోజుల్లో గానీ వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతులే. నేను ఆ ముప్పై రోజులూ సీసాలు కొనడంలోనే గడిపేశాను. మీరు అలా చేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు రుసుము లేదు. ఫోన్‌లో చేసిన చెల్లింపుల వివరాలు, సీసాల ఫోటోలు దాచుకోండి. ఇప్పుడు నా దగ్గర ఉన్న ఆధారాలు అవే.

ప్రస్తుతం అదే తొట్టిలో అంగుళం మందం రాళ్లు, ఎయిర్ పంపుతో నడిచే సాదా స్పాంజి ఫిల్టరు, బతికిన రెండు గోల్డ్ ఫిష్‌లు ఉన్నాయి. అవి పెరిగితే ఈ తొట్టి కూడా చాలదు, అప్పటికి పెద్దది చూడాలి. దగ్గరకు వెళ్లి చూస్తే తొలకరి తడిసిన మట్టి వాసన లీలగా వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న తొట్టికి ఉండవలసిన వాసన అదే.

చివరిసారి ఆ దుకాణానికి వెళ్లినప్పుడు, యజమాని కోసం ఎదురుచూస్తూ అక్కడి తొట్లను మొదటిసారి శ్రద్ధగా చూశాను. వరుసగా ఇరవై దాకా ఉన్నాయి. అమ్మకానికి ఉంచిన చేపలన్నీ వాటిలోనే తిరుగుతున్నాయి. ఒక్కదాని అడుగున కూడా ఒక్క రంగురాయి లేదు.