తాతగారి బొమ్మ ఆర్డరిచ్చే ముందు: అమలాపురం ఆయిల్ పోర్ట్రెయిట్ సర్వీసు రివ్యూ

కోనసీమలో పోయినవాళ్ల రూపం నిలబెట్టాలంటే ముందు కొత్తపేట శిల్పులే గుర్తొస్తారు. విగ్రహానికి చోటూ ఖర్చూ కుదరనివాళ్లు ఆయిల్ పోర్ట్రెయిట్ వైపు చూస్తారు. అమలాపురంలో మేడమీద గదిని స్టూడియోగా చేసుకుని ఒక చిత్రకారుడు నడుపుతున్న సర్వీసు గురించి ఈ రివ్యూ. 18×24 అంగుళాల సైజులో ఛాతీ వరకు ఒక మనిషి బొమ్మ, ఫ్రేము కాకుండా 18 వేలు. సగం అడ్వాన్సు, పావు వంతు ముఖం ఓకే అయ్యాక, మిగతాది డెలివరీకి. గడువు నాలుగు నెలలు. ఫ్లెక్సీ షాపులో కాన్వాస్ ప్రింటు సాయంత్రానికే చేతికొస్తుంటే నాలుగు నెలలేమిటని చాలామంది అక్కడే ఆగిపోతారు. పనితనానికి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. పని మధ్యలో ఆయన ఫొటోలు పంపే తీరుకి, ప్యాకింగుకి రెండున్నర దాటదు.

మొదటి పేచీ ఫొటో దగ్గర వస్తుంది, అందులో న్యాయం ఆయనదే. గోడమీది పటాన్ని గ్లాసుతో సహా ఫోన్‌లో తీసి పంపితే తిప్పి కొడతారు. ట్యూబ్‌లైటు మెరుపు సరిగ్గా నుదుటి మీద పడుతుంది. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు కుదించేస్తుంది, కంటిపాపా రెప్ప అంచూ కలిసిపోతాయి. ఫొటోని పటంలోంచి తీసి 600 డీపీఐలో స్కాన్ చేయించి డాక్యుమెంట్‌గా పంపాలి. మన చెమ్మకి ఫొటో గ్లాసుకి అతుక్కుపోయి ఉంటే లాగకండి, బొమ్మ ఉన్న పొరే ఊడొస్తుంది. గ్లాసుతోనే స్కాన్ చేయించండి. నలుపు తెలుపు ఫొటో అయితే అదే చాయ ఉన్న కొడుకునో మనవణ్నో కిటికీ పక్కన కూర్చోబెట్టి, పగటి వెలుతురు ఒక పక్క నుంచి పడేలా తీసిన ఫొటో ఇంకొకటి అడుగుతారు. ఫ్లాష్ వేసి తీస్తే ముక్కు పక్కన నీడ ఉండదు. నీడ లేని ముఖం అప్పడంలా వస్తుంది.

కాన్వాస్‌కి వంక పెట్టడానికి లేదు. మందపాటి కాటన్, టేకు చట్రం, బట్ట వదులైతే బిగించడానికి మూలల్లో చెక్క చీలలు. రంగుకి ముందు బట్టకి వేసే తెల్లటి అడుగు పూత, అంటే అక్రిలిక్ జెస్సో, మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య సన్న గరుకు కాయితంతో రుద్దుడు. ఈ పూత లేకుండా నూనె నేరుగా బట్టకి తగిలితే దారం కొన్నేళ్లకి పెళుసెక్కుతుంది. పాత పద్ధతిలో జంతువుల జిగురు పూస్తారు గానీ ఈయన వాడరు. చెమ్మకి ఉబ్బి ఎండకి బిగిసే ఆ జిగురు పై రంగు పగలడానికి ఒక పెద్ద కారణం, గోదారి పాయల మధ్య అసలే పనికిరాదు.

నాలుగు నెలల్లో సగం ఆరబెట్టడానికే పోతుంది. నీటిరంగులో నీరు ఆవిరైతే పని అయిపోయినట్టే. నూనె రంగు అలా ఆరదు, అందులోని అవిసె నూనె గాలిలో ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడాలి. అది రంగు రంగుకీ మారుతుంది: పలచగా వేసిన అంబర్ (మట్టి గోధుమ రంగు) రెండు మూడు రోజుల్లో చేతికి అంటడం మానేస్తే, టైటేనియం తెలుపు, అలిజరిన్ ఎరుపు వారం దాటినా జిగటగా ఉంటాయి. అందుకని తొలి పొర టర్పెంటైన్ కలిపిన పలచటి అంబర్‌తో వేసి, పైకి పోయేకొద్దీ నూనె పాలు పెంచుతారు. తిరగేసి వేస్తే పై పొర ముందే బిగిసిపోతుంది, అడుగు పొర ఇంకా కదులుతూ ఉంటుంది, బొమ్మ ఎండిన చేను మడిలా బీటలు తీస్తుంది. ముసురు పట్టినన్నాళ్లూ ఈ లెక్కలన్నీ ఇంకా సాగుతాయి. ఆషాఢంలో ఆర్డరిచ్చి శ్రావణంలో కావాలంటే ఈయన ముందే కుదరదంటారు. "ఆరకుండా పంపితే మీ గోడకి కాదండీ, చుట్టిన కాయితానికి అంటుకుంటుంది బొమ్మ" అని ఆయన మాట.

పనితనం చూడాలంటే చర్మం రంగు, జరీ చూడండి. చామనఛాయకి మట్టి రంగులైన రా సియెన్నా, బర్న్‌ట్ సియెన్నా, కొంచెం అలిజరిన్. నీడలోకి నలుపు కాకుండా అల్ట్రామెరైన్ నీలం దించుతారు, నలుపు కలిపితే చర్మం మసిబట్టినట్టు ఉంటుంది. కండువా జరీకి బంగారు రంగు డబ్బా ముట్టుకోరు. ముదురు అంబర్ గీత, దాన్ని ఆనుకుని ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, దానిమీద అక్కడక్కడ నిమ్మపసుపు చుక్క. జానెడు దూరంలో అవి ఉత్త మరకలు, మూడడుగులు వెనక్కి జరిగితే జరీ. మామ్మగారి ముక్కుపుడక రాయికి ఒకే ఒక్క తెల్ల చుక్క, కుంచె రెండోసారి తాకదు. రాజమండ్రి పని ఉన్నప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పేరున ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఓ గంట తిరిగి వస్తే ఇలాంటివి చూడటం కంటికి అలవాటవుతుంది.

ఇక ఇబ్బంది. గీత, అంబర్ పొర, ముఖం, పూర్తి బొమ్మ – నాలుగు దశల్లో ఫొటోలు పంపుతారు. పంపేది రాత్రి ట్యూబ్‌లైటు కింద తీసినవి. తడి రంగు అద్దంలా మెరిసి బుగ్గ పాలిపోయినట్టుంటుంది. ఆరిన ముదురు చోట్లేమో నూనె అడుగుకి ఇంకిపోయి, నల్లటి జుట్టు బూడిద రంగులో కనిపిస్తుంది. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న పిల్లలు అది చూసి "నాన్నగారు ఇంత తెలుపు కాదండీ" అంటారు, బాగున్న బుగ్గని మళ్లీ దిద్దిస్తారు, అప్పుడు నిజంగానే చెడుతుంది. పగలు, ఎండ నేరుగా పడని కిటికీ వెలుతురులో, బొమ్మ పైఅంచు కాస్త ముందుకి వంచి, ఫోన్‌ని దానికి సమాంతరంగా పట్టి, నాలుగడుగుల దూరం నుంచి రెండింతల జూమ్‌లో తీయమనండి. పక్కన ఒక తెల్ల కాయితం పెట్టమనండి, అది పచ్చగా కనిపిస్తే ముఖమూ అంతే పచ్చగా వచ్చినట్టు లెక్క. అడిగితే విసుక్కోకుండా తీసి పంపుతారు, అడక్కపోతే ట్యూబ్‌లైటే.

రంగు పడ్డాక మార్పులు రెండుసార్లే ఉచితం, గీత దశలో ఎన్నయినా చేస్తారు. కాబట్టి పోలిక తప్పితే అక్కడే పట్టుకోవాలి. ఫొటోనీ గీతనీ తలకిందులుగా పెట్టి చూస్తే కళ్ల మధ్య ఎడం, చెవి కొస ఎత్తు తేడా ఇట్టే దొరుకుతుంది.

ఇంకో మాట. పూర్తయిన మర్నాడే ఇన్‌స్టాగ్రామ్‌లో రీలు పెట్టేయడం ఈయనకి అలవాటు. సంవత్సరీకం నాడు తెర తీయాలనుకున్న బొమ్మ అప్పటికే చుట్టాల ఫోన్లన్నీ తిరిగేసి ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పోర్ట్రెయిట్‌కి వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. అడ్వాన్సు వేసేటప్పుడే "మేం చెప్పేదాకా ఎక్కడా పెట్టొద్దు" అని మెసేజ్ పెట్టి, సరేనని రాయించుకోండి. అలాగని మూలనున్న సంతకం చెరిపేయమనకండి, గీసింది తానేనని చెప్పుకునే హక్కు ఆయనది.

ప్యాకింగుకి మార్కులు తగ్గింది బబుల్ ర్యాప్ వల్ల. రంగుమీద నేరుగా చుట్టిన ఒక పార్సిల్ ఎండలో ప్రయాణం చేసి వచ్చేసరికి తెల్ల పంచె నిండా బుడగల అచ్చులు. వెనక్కి తీసుకుని డబ్బులడగకుండా సరిచేశారు గానీ నెల పోయింది. ముందు సిలికాన్ పూత కాయితం, మూలలకి అట్టలు, ఆపైన బుడగలు బయటివైపు ఉండేలా ర్యాప్ చుట్టమని గట్టిగా చెప్పండి. కారుంటే నిలబెట్టి మీరే తెచ్చుకోవడం ఉత్తమం.

దండ వేసి దీపం పెట్టే గోడైతే గ్లాసు ఫ్రేమే కట్టించండి, గ్లాసుకీ కాన్వాస్‌కీ మధ్య పావు అంగుళం ఖాళీతో. తడి పూలదండ నీరు కింది చట్రంలోకి దిగితే బూజు పడుతుంది, కాన్వాస్‌మీద పెట్టిన కుంకుమ బొట్టు ఇక వదలదు. వెనక కింది మూలలకి కార్కు ముక్కలు అతికిస్తే గోడ చెమ్మ తగలదు. సంవత్సరీకం దాకా బీరువాలో దాచకండి, చీకట్లో అవిసె నూనె పసుపెక్కుతుంది. అప్పటికే పసుపెక్కి ఉంటే వెలుతురున్న గదిలో పెట్టండి, కొంత తగ్గుతుంది.

బొమ్మని కాపాడే పారదర్శకపు పై పూత వార్నిష్. డెలివరీనాడు ఉండేది తాత్కాలికపు రీటచ్ వార్నిష్ మాత్రమే. అసలు వార్నిష్ ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, రంగు లోపలిదాకా ఆరాక వేయాలి. దానికి వేరే డబ్బులు లేవు, కోనసీమలో అయితే ఇంటికే వచ్చి వేస్తారు. కాకపోతే ఆయన గుర్తు పెట్టుకోరు, తేదీ రాసుకుని ఫోన్ చేయాల్సింది మీరే.