ఎన్నిసార్లు చూసినా భయం తగ్గని హారర్ సినిమాలు

మొదటిసారి చూసినప్పుడు ఏ హారర్ సినిమా అయినా కాస్తో కూస్తో భయపెడుతుంది. కథంతా తెలిసీ మళ్లీ పెట్టుకుంటే ఒళ్లు జలదరిస్తోందా లేదా? చాలా ఏళ్లుగా నేను చూసేది అదే.

ఆ లెక్కన నాకు మొదటి స్థానం 1982లో వచ్చిన ‘ది థింగ్’దే. పదిసార్లకు పైగా చూసుంటాను. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న కొద్దిమంది మగాళ్లు, వాళ్లలో మనిషెవరో మనిషి రూపంలో దాక్కున్న గ్రహాంతర జీవి ఎవరో తెలియదు. అందులో రక్తపరీక్ష సీన్ ఉంది. కథానాయకుడు అందరి రక్తమూ చిన్న చిన్న గిన్నెల్లో పెట్టుకుని, ఎర్రగా కాల్చిన తీగ ఒక్కోదాంట్లో ముంచుతుంటాడు. చుయ్‌మంటుంది, ఏమీ కాదు. ఇంకొకటి, ఏమీ కాదు. ఈ పరీక్ష ఉత్తదేనేమో అని మనకూ అనిపిస్తున్నప్పుడు, పక్కవాడితో మాట్లాడుతూనే అతను తీగ దించుతాడు... ఆ గిన్నె ఎవరిదో నాకు బాగా తెలుసు, అయినా ప్రతిసారీ ఉలిక్కిపడతాను. ఇందులో వికృత రూపాలన్నీ కంప్యూటర్ గ్రాఫిక్స్ కాదు, మేకప్ ఎఫెక్ట్స్ నిపుణుడు రాబ్ బొటీన్ బృందం ఎక్కువగా చేత్తో తయారుచేసినవి. అందుకే ఇప్పటికీ తడితడిగా, బరువుగా, ఎదురుగా ఉన్నట్టే ఉంటాయి.

1973 నాటి ‘ది ఎక్సార్సిస్ట్’ విషయంలో నా భయమే చోటు మారింది. కుర్రతనంలో దెయ్యం పట్టిన పాప తల గిర్రున తిరిగే సీన్‌కి కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు తట్టుకోలేనిది ఆసుపత్రి సీన్. పాప మెడలోకి సూది దిగుతుంది, పెద్ద యంత్రం ధన్ ధన్‌మని మోగుతుంది, తల్లి ఏమీ చేయలేక చూస్తుంటుంది. అక్కడ దెయ్యం లేదు.

స్లాషర్లలో, అంటే హంతకుడు ఒక్కొక్కరినీ వెంటాడి చంపే సినిమాల్లో, నాకు ‘హాలోవీన్’ (1978) ఒక్కటి చాలు. రక్తం దాదాపు కనిపించదు. అమ్మాయి వెనక చీకటి గుమ్మంలో తెల్లటి ముసుగు మెల్లగా తేలుతుంది, సంగీతం కూడా దర్శకుడు జాన్ కార్పెంటర్‌దే. కేవలం నరుకుడు మీద నడిచే సినిమాలు మాత్రం రెండోసారి చూడలేకపోయాను. చూస్తే విసుగే మిగిలింది.

‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999) మధ్యలో సాగుతుంది, నిజమే. కానీ ఆఖర్లో గోడ మూలకు తిరిగి నిలబడ్డ ఆ మనిషి కోసం మళ్లీ చూస్తాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, అడవిలోని చప్పుళ్లే సగం సినిమా.

జపాన్ ‘రింగు’ (1998) మాత్రం రాత్రి ఒంటరిగా చూడటం మానేశాను. చివర్లో టీవీలోంచి బయటికొచ్చే దెయ్యం సడాకో నడక అంత వింతగా ఎందుకుంటుందంటే, నటి చేత వెనక్కి నడిపించి తీసి, దాన్ని తిరగేసి చూపించారు. ఆ కిటుకు తెలిశాక భయం పోతుందనుకున్నాను. పోలేదు. సినిమా అయిపోయాక టీవీ ఆపితే ఆ నల్లటి తెరలో నా గది, నేను కనిపిస్తాం. లేచి లైటు వేసేదాకా అటు చూడను.