నిద్రకు ఓకే, థెరపీ అంటేనే పేచీ: ఒక మ్యూజిక్ యాప్ రివ్యూ

పేరు రాయను కానీ, ‘మ్యూజిక్ థెరపీ ఇక మీ జేబులో’ అని ఊదరగొడుతున్న యాప్‌లలో ఇదీ ఒకటి. ఆఫీసు టెన్షన్ మంచం దాకా వెంట వస్తోంది, నిద్ర పట్టడం లేదు, సరే చూద్దామని డబ్బులు కట్టి మరీ తీసుకున్నాను. మొహమాటం లేకుండా చెప్పాలంటే సంగీతం బాగుంది, దాని చుట్టూ అల్లిన కబుర్లే మరీ ఎక్కువయ్యాయి.

ముందు మంచి సంగతి. స్లీప్ సెక్షన్‌లో ట్రాకులన్నీ నిమిషానికి 60 నుంచి 80 బీట్ల మధ్యే ఉంటాయి, మాటలుండవు, మధ్యలో డ్రమ్ మోగి ఉలిక్కిపడేలా చేయడాలు ఉండవు. నిద్రకు పనికొచ్చేది ఇలాంటి సంగీతమే. టైమర్ పెడితే సౌండ్ ఠక్కున ఆగిపోకుండా మెల్లమెల్లగా తగ్గుతూ పోతుంది, ఆ ఫీచర్ పెట్టినవాళ్లకు దండం పెట్టొచ్చు. పియానో ట్రాకు ఒకటుంది, చివరికొచ్చేసరికి స్వరాల మధ్య ఎడం పెరుగుతూ పోతుంది, మనకు తెలియకుండానే ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. ఫ్లూట్ ట్రాకులో మాత్రం లూప్ మళ్లీ మొదలయ్యే చోట సన్నగా ‘టిక్’మంటుంది. ఒక్కసారి అది చెవిన పడిందా, ఇక నిద్ర మానేసి దానికోసమే ఎదురుచూస్తూ పడుకోవాలి.

ఇక థెరపీ సంగతి. బీపీ, డిప్రెషన్, మైగ్రేన్ అంటూ మందుల షాపు అరల్లా బటన్లు పేర్చారు. ఏది నొక్కినా వచ్చేది దాదాపు అదే మెత్తటి సంగీతం! కొన్నిటికి ‘432 హెర్ట్జ్, కణాలను బాగుచేస్తుంది’ అని ట్యాగు. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలన్న లెక్క. మామూలుగా వాద్యాల శ్రుతికి ప్రమాణం 440, ఆ కాస్త తేడాకే కణాలు బాగుపడతాయనడానికి ఆధారమేమీ లేదు. బైనారల్ బీట్స్ అయితే మరీ విడ్డూరం. ఒక చెవికి 200, ఇంకో చెవికి 210 హెర్ట్జ్ విడివిడిగా వినిపిస్తే మెదడు 10 హెర్ట్జ్ ఊపును తనే కల్పించుకుంటుంది, అదీ దాని కథ, అంటే హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. వీళ్లేమో స్పీకర్‌లో పెట్టుకుని హాయిగా పడుకోమంటారు.

పాతకాలపు యూరప్ సంగీతకారుడు మొజార్ట్ సంగీతం వింటే పిల్లల తెలివి పెరుగుతుందనే సెక్షన్ కూడా ఉందండోయ్. ఈ మాటకు మూలం 1993లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం. అది చేసింది కాలేజీ విద్యార్థుల మీద, ఒక రకం పరీక్షలో మార్కులు కాస్త పెరిగాయి, ఆ ప్రభావం కూడా పది పదిహేను నిమిషాలకు మించి నిలవలేదు. పసిపిల్లల ఊసే అందులో లేదు.

నాకు చిరాకు ఎందుకంటే, అసలు మ్యూజిక్ థెరపీ నిజంగా ఉంది, గట్టిగానే పనిచేస్తుంది. పార్కిన్సన్స్ (ఒళ్లు వణికి, కదలికలు మందగించే జబ్బు) ఉన్నవాళ్లు లయకు తగ్గట్టు అడుగులేస్తే నడక మెరుగుపడుతుంది. స్ట్రోక్‌తో మాట పడిపోయినవాళ్లలో కొందరు మామూలుగా చెప్పలేని మాటను పాటలా సాగదీసి పలకగలుగుతారు, థెరపిస్టు చేతి మీద తాళం తడుతూ సాధన చేయిస్తారు. 2011లో తలకు తూటా తగిలిన అప్పటి అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్‌కు మాట తిరిగి రావడంలో సంగీత చికిత్స కూడా సాయపడింది. ఆపరేషన్ తర్వాత నొప్పి, ఆందోళన సంగీతంతో కొంత తగ్గుతాయని 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష కూడా తేల్చింది. అయితే నడకకో మాటకో చేసే చికిత్సలో శిక్షణ పొందిన మనిషి ఎదురుగా ఉంటారు, మనం ఎలా స్పందిస్తున్నామో చూసి వేగం మారుస్తారు, అవసరమైతే ఆపేస్తారు. అన్నిటికన్నా ముందు మీకు ఏ సంగీతం ఇష్టమని అడుగుతారు. ఒకరికి ఊరటనిచ్చే పాట ఇంకొకరికి పోయినవాళ్లను గుర్తుచేసి ఏడిపించవచ్చు కదా. ఈ యాప్ నన్ను అడిగినవి వయసు, ఈమెయిల్, కార్డు నంబరు.

మీ థెరపిస్టులు ఎవరండీ అని కస్టమర్ కేర్‌కు రాస్తే ‘మీ ప్రశాంత ప్రయాణంలో భాగమైనందుకు ధన్యవాదాలు’ అని రెడీమేడ్ జవాబొచ్చింది.

ఐదుకు మూడు స్టార్లు, మూడూ స్లీప్ సెక్షన్‌కే. డిప్రెషన్ లాంటిది ఉంటే డాక్టర్ దగ్గరకు వెళ్లండి, ఆ బటన్ మీద ఆశ పెట్టుకోకండి. తీసుకునేవాళ్లు ఆటో రెన్యువల్ మొదటి రోజే ఆఫ్ చేసుకోండి, అది సెట్టింగ్స్‌లో ఎంత వెతికినా కనపడదు, ప్రొఫైల్ ఫొటో నొక్కితే అన్నిటికన్నా కింద దాచిపెట్టారు.