తొమ్మిదేళ్లు వాడాక నా బ్యాగ్‌పైపు, రికార్డరు, నొటేషన్ సాఫ్ట్‌వేరు

మా ఇంట్లో రెండు బ్యాగ్‌పైపులున్నాయి. 2016లో ఆన్‌లైన్‌లో కొన్న మొదటిది పాత చీరముక్కలో చుట్టి అటక మీద పెట్టాను. 2019లో వచ్చిన రెండోది రోజూ సాయంత్రం ఆరింటికి చంకలోకి ఎక్కుతుంది. ఒంగోల్లో సరదాకి దీన్ని వాయించేవాళ్లు నాకు ఇంకెవరూ తారసపడలేదు. ఏది కొనాలో, ఏది కొనకూడదో చెప్పే దిక్కు లేక చాలా డబ్బు, అంతకంటే ఎక్కువ కాలం పోగొట్టుకున్నాను. ఇన్నేళ్ల వాడకంలో ఏది నిలబడిందో, ఏది నిలబడలేదో రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టే ఒక్కరికి పనికొచ్చినా చాలు.

బ్యాగ్‌పైపు అంటే అందరికీ స్కాట్లాండు, గళ్ల కిల్టు, మిలిటరీ బ్యాండు గుర్తొస్తాయి. నాకు మా తాతయ్య చెప్పిన తిత్తి గుర్తొస్తుంది. ఆయన చిన్నతనంలో ఊళ్లో వీధి భాగవతం ఆడేటప్పుడు ఒకాయన మేకతోలు తిత్తి చంకలో ఇరికించుకుని తెల్లవార్లూ శ్రుతి పట్టేవాడట. పాత్రధారులు మారేవాళ్లు, దీపాల్లో నూనె మారేది, ఆ శ్రుతి మాత్రం ఆగేది కాదట. నేను దాన్ని కళ్లతో చూడలేదు. మొదటిసారి పైపుల బ్యాండు విన్నప్పుడు మాత్రం తాతయ్య చెప్పిన తిత్తి ఇదేననిపించింది. ఊదే వాద్యం మీద మా వైపు మమకారం ఎక్కువే. నాగస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా 1924లో పుట్టింది ఒంగోలు పక్కనున్న కరవదిలోనే. సన్నాయి మేళంలో ఒకరు పాట వాయిస్తుంటే పక్కనొకరు ఒత్తు పడతారు చూడండి, బ్యాగ్‌పైపులో ఆ ఇద్దరి పనీ ఒక్కరే చేస్తారు. భుజం మీద నిలబడే మూడు గొట్టాలను డ్రోన్లంటారు. అవి ఒత్తు. చేతివేళ్ల కింద ఉండే చాంటర్ సన్నాయి.

మొదటి పైపుకి అప్పట్లో తొమ్మిది వేలు పెట్టాను. శీషం కర్ర, ఎర్ర గళ్ల తొడుగు, మెరిసే లోహపు పట్టీలు. ఫోటోలో చాలా బాగుంది. ఇంటికొచ్చాక మూడు నెలలు దాంతో కుస్తీ పట్టాను. డ్రోన్ల కీళ్లు వదులు, సంచి కుట్ల దగ్గర గాలి పోతోంది, చాంటర్‌లో ధైవతం పైకి పోయి కూస్తోంది. నా వేళ్లే సరిగ్గా పడటం లేదేమోనని ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. కీళ్ల సంగతి చెప్పులు కుట్టే ఆయన తేల్చేశాడు. తన మైనం దారం కొంత ఇచ్చి, కీలు చుట్టూ ఎంత గట్టిగా చుట్టాలో చూపించాడు. కుట్లకు మైనం పట్టించాక గాలి కొంత ఆగింది. ధైవతం బెజ్జం పై అంచు మీద కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు ఒక పిసరు అంటిస్తే స్వరం దిగింది. ఈ టేపు చిట్కా పెద్ద పెద్ద బ్యాండ్లవాళ్లూ వాడతారని తర్వాత తెలిసింది. చివరికి పోనిది ఒక్కటే, చాంటర్ లోపలి గొట్టం తొలచడంలో ఉన్న తేడా. దాన్ని ఏ టేపూ దిద్దలేదు. కర్ర మెరుపు చూసి కొనొద్దని, చాంటర్ స్వరాలు విని కొనమని ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను.

రెండోది మా బావమరిది గ్లాస్గో నుంచి వస్తూ తెచ్చాడు. నల్ల ప్లాస్టిక్‌తో చేసింది. దాన్ని డెల్రిన్ అంటారు. మంచి పైపులు ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌తో చేస్తారు కాబట్టి ప్లాస్టిక్ అనగానే మొదట మనసు ఒప్పలేదు. కానీ మన ఎండలు చూడండి. మేలో పడమటి గాలి కొట్టిందంటే తలుపులే బీటలిస్తాయి, నవంబరులో తుఫాను పట్టిందంటే అవే తలుపులు ఉబ్బి పట్టుకుపోతాయి. ఉన్నట్టుండి ఆరితే బ్లాక్‌వుడ్ పగులుతుంది. ఈ ప్లాస్టిక్ పైపుకి ఆరేళ్లలో ఒక్క గీత కూడా పడలేదు. డ్రోన్లలో సింథటిక్ రీడ్లే వేశాను. రీడంటే గాలికి అదిరి నాదం పుట్టించే పీక. చాంటర్‌లో మాత్రం వెదురుజాతి రెల్లుతో చేసిన పీకే వాడుతున్నాను, ఆ నాదం ప్లాస్టిక్ పీకకు రావడం లేదు. సన్నాయివాళ్లు పీకను నాలుక మీద పెట్టి తడిపి, గోటితో సరిచేసుకోవడం చూసే ఉంటారు. ఇదీ అంతే. పీకను చాంటర్‌లోకి కాస్త లోపలికి దింపితే శ్రుతి పెరుగుతుంది, పైకి లాగితే తగ్గుతుంది, పై స్వరాలు కింది వాటికంటే ఎక్కువ కదులుతాయి. వేసవిలో ఎంత లోపల, వానల్లో ఎంత లోపల అని పీక మొదట్లో పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను.

సంచి విషయంలో జిప్పు ఉన్నదే తీసుకోండి. అరగంట వాయిస్తే లోపల నీళ్లు చేరతాయి. 2016లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో బ్రిటన్‌లోని ఒక వాయిద్యకారుడి ఉదంతం వచ్చింది. ఆయన పైపులో పెరిగిన బూజే ఊపిరితిత్తుల జబ్బుకు కారణమై ఉంటుందని వైద్యులు భావించారు. అది చదివిన రోజునుంచి వాయించడం అయ్యాక జిప్పు తీసి, లోపల పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టందే లేవను.

ఇక స్వరాల సంగతి. దీనికి ఉన్నవి తొమ్మిదే స్వరాలు. పైపులవాళ్లు 'లో ఎ' అనే స్వరాన్ని షడ్జమం అనుకుంటే కింద ఒక నిషాదం, పైన తారషడ్జమం వరకు వస్తుంది. చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. అంటే అచ్చంగా హరికాంభోజి. ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మోహన, శుద్ధ సావేరి, మధ్యమావతి వేళ్ల కింద హాయిగా వస్తాయి. ఆనందభైరవి, హంసధ్వని మామూలు వేళ్ల పట్టుతో రావు. మన నాట్ల పాటలు, కోలాటం పాటల్లో నేను విన్నవి ఎక్కువ భాగం ఐదారు స్వరాల మధ్యే తిరుగుతాయి కాబట్టి ఈ తొమ్మిదింట్లో సుఖంగా ఇముడుతాయి. ఒక చిక్కు ఉంది. ఇప్పటి చాంటర్లలో ఆ షడ్జమం దాదాపు 480 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మన లెక్కలో అది ఆరున్నర శ్రుతికీ ఏడుకీ మధ్య. శ్రుతి పెట్టెతో కలపాలంటే సన్నగా సర్దే మర ఉన్న పెట్టె కావాలి. పైపును పాడేవాళ్ల శ్రుతికి దించడం కుదరదు.

ఈ మాట నాకు బాగా అర్థమైంది 2022 డిసెంబరులో. మా అత్తగారి ఊరు బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. నాట్లు వేసే ఒక పెద్దమ్మ మధ్యాహ్నం అన్నాలయ్యాక మా పంచలో కూర్చుని మూడు పాటలు పాడింది. ఆమె గొంతు అయిదు శ్రుతి దగ్గర ఉంది. నేను అక్కడే పైపు తీసి ఆ పాటే వాయించాను. చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని చివరిదాకా విని అంది: "బాగుండాది అబ్బయా. అయితే ఇది ఎక్కడా ఆగదేంది? నడుం ఎత్తి ఊపిరి పీల్చే చోటు నా పాటలో ఉండాది గదా, అది నువ్వు మింగేసినావే."

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సంచిలో గాలి ఉన్నంతసేపు చాంటర్ ఆగదు, మధ్యలో మౌనం అనేది దీనికి లేదు. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో ఇంకో వేలు తటాలున ఎత్తి దించాలి, లేకపోతే రెండూ అతుక్కుపోయి ఒకటే పొడుగు కూత అవుతుంది. ఆ రెప్పపాటు స్వరాన్ని గ్రేస్‌నోట్ అంటారు. ఆమె పాటలో ఒక్కో పిలక గుచ్చే ఊపుకి షడ్జమం మీద నాలుగు మాటలు టకటకా పడతాయి. ఆ నాలుగింటినీ విడగొట్టడానికి నాకు పది రోజులు పట్టింది. ఇక ఆమె ఊపిరి పీల్చే చోట ఇప్పుడు షడ్జమం మీద నిలబడి, డ్రోన్లతో కలిసిపోనిస్తున్నాను. చెవికి అది ఆగినట్టే ఉంటుంది. స్కాట్లాండు వాళ్లు పూర్వం కాగితం లేకుండా కాన్‌టరాఖ్ అనే పలుకులతో పాటంతా నోటితో పాడి నేర్పేవాళ్లట. ముందు గొంతుతో పాడి ఆ తర్వాతే వేళ్లకు ఎక్కించడం నేను ఆ పెద్దమ్మ దగ్గరే నేర్చుకున్నాను.

రికార్డింగుకి మొదట ఫోనే వాడాను. పాటకు పనికొచ్చింది, పైపుకి పనికిరాలేదు. ఫోన్లు ఆగకుండా మోగే శ్రుతిని రొద అనుకుని నొక్కేస్తాయి, చాంటర్ ఒక్కటే మిగిలి ఏదో దోమ పాడినట్టు ఉంటుంది. 2018లో వచ్చిన జూమ్ హెచ్1ఎన్ రికార్డరును 2020లో కొన్నాను. రెండు సన్న పెన్సిల్ బ్యాటరీలు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, అంతే. ఐదేళ్లుగా చేనుగట్ల మీద తిరిగి ఇప్పటికీ పనిచేస్తోంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో పెడితే గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. పైపుకి మూడు నాలుగు మీటర్ల దూరంలో, గదిలో కాకుండా డాబా మీద పెట్టండి. ఇంకో సంగతి. పొలంలో మోటారు రొద తగ్గుతుందని, అడుగు స్వరాలను కోసేసే 'లో కట్' మీట నొక్కి అలవాటైపోయింది. అదే మీట నొక్కి ఉండగా పైపు రికార్డు చేశాను. బాస్ డ్రోన్ మోగేది 120 హెర్ట్జ్ దగ్గర. అది సగం కొట్టుకుపోయి పాట గాల్లో వేలాడినట్టయింది. పైపు అయితే ఆ మీట ఆపేయాల్సిందే. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేరులో రొద తీసేటప్పుడు కూడా డ్రోన్ మోగుతున్న ముక్కను నమూనాగా ఇవ్వొద్దు, శ్రుతినే తుడిచేస్తుంది. పెద్దమ్మ పాటలను వేగం సగానికి తగ్గించి, శ్రుతి మారకుండా వినడానికి మాత్రం ఆడాసిటీకి నేను రుణపడి ఉన్నాను. 2021లో ఒక కార్డు పాడై పదకొండు పాటలు పోయాయి. పాడిన ఇద్దరిలో ఒకావిడ ఇప్పుడు లేదు. ఆ రోజునుంచి ఇంటికి రాగానే రెండు చోట్ల కాపీ పెట్టకుండా అన్నం తినను.

నొటేషనుకి మ్యూస్‌స్కోర్ నాలుగేళ్లు వాడాను. ఉచితం. బ్యాగ్‌పైపు అలంకారాలకు, అంటే గ్రేస్‌నోట్ల గుత్తులకు, విడిగా ఒక పెట్టె ఇచ్చారు, డబ్లింగు, గ్రిప్ లాంటివన్నీ లాగి స్వరం మీద వదిలితే చాలు. ముద్రించిన కాగితం చూడముచ్చటగా ఉంటుంది. తెలుగు సాహిత్యం స్వరాల కింద టైపు చేసుకోవచ్చు. నేను మొదట పెట్టుకున్న ఫాంటులో ఒత్తులు విడిపోయేవి, యూనికోడ్ ఫాంటు మార్చాక కుదిరింది. వినిపించేటప్పుడు మాత్రం దాని మీద ఆధారపడను. మామూలుగా అది ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గర పెట్టి, పియానో పద్ధతిలో సమంగా పంచిన స్వరాలతో వినిపిస్తుంది. నా చాంటర్ దానికంటే దాదాపు ఒకటిన్నర సెమిటోన్ పైన, డ్రోన్లతో ఇమిడేలా సర్దిన స్వరాలతో మోగుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి సాధన చేస్తే చెవి చెడుతుంది.

ఇప్పుడు నేను రోజూ వాడేది ఏబీసీ నొటేషను. క్రిస్ వాల్షా రూపొందించింది. స్వరాలను అక్షరాలుగా మామూలు టెక్స్టులో రాయడమే, ఫోన్లోనైనా రాసుకోవచ్చు. కీ అని ఉన్న చోట హెచ్, పి రాస్తే ఇది హైలాండ్ పైపు అని దానికి అర్థమవుతుంది. రెండూ పెద్దక్షరాలైతే మొదట్లో షార్పు గుర్తులు పెట్టదు, పి చిన్నక్షరమైతే పెడుతుంది. అన్నిటికంటే నాకు నచ్చింది, పాట పక్కనే వివరాలు రాసుకునే వరుసలు ఉండటం. ఏ ఊరు, ఏ తేదీ, ఏ పని చేస్తూ పాడారు, ఏ శ్రుతి, ఊపిరి ఎక్కడ తీసుకున్నారు, అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. ఇంకో ఇరవై ఏళ్లకు ఏ ప్రోగ్రాం ఉన్నా లేకున్నా టెక్స్టు తెరుచుకుంటుంది. గమకం ఏ నొటేషన్లోనూ పట్టుబడదు. అందుకే ప్రతి ఏబీసీ ఫైలు పక్కన అదే పేరుతో ఆమె పాడిన రికార్డింగు ఉంచుతాను, రాత ఎప్పుడూ దాని వెనకే.

కొనాలనుకునేవాళ్లు ముందు ప్రాక్టీస్ చాంటర్ ఒక్కటే కొనండి. సంచి ఉండదు, డ్రోన్లు ఉండవు, ఒక స్థాయి కింద మెల్లగా పలుకుతుంది, అపార్టుమెంట్లో ఉన్నా ఇబ్బంది లేదు. కనీసం ఆరు నెలలు దాని మీదే వేళ్లు కుదుర్చుకోండి. ఆ తర్వాత డబ్బు మంచి చాంటర్ మీద, పీకల మీద, రికార్డరు మీద పెట్టండి. వెండి పట్టీలకూ గళ్ల బట్టకూ ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు.

పోయిన సంక్రాంతికి పెద్దమ్మ ఇంటికి వెళ్లి, దిద్దుకున్న పాట మళ్లీ వాయించాను. షడ్జమం మీద నిలిచిన చోట ఆమె మోకాలి మీద చెయ్యి ఒకసారి ఆగింది, పాట కదలగానే మళ్లీ తాళం అందుకుంది. ఆమె పాడిన మూడు పాటలూ మనవరాలి ఫోన్లోకి ఎక్కించి వచ్చాను. ఇంకో రెండు పాటలున్నాయట, నాట్లప్పుడు బురదలో నిలబడితే గానీ గుర్తు రావంది. డిసెంబరులో వెళ్తున్నాను. రికార్డరుకి గాలి రొద పడకుండా బొచ్చు తొడుగు ఒకటి కొన్నాను.