ఫైలు పోయినా రెజిస్ట్రీలో మిగిలేది: పన్నెండేళ్ల ఆటోరన్స్ వాడకం

మాది జిరాక్స్, డీటీపీ షాపు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు మా సిస్టమ్‌లకు పెడుతూనే ఉంటారు. యాంటీవైరస్ ఎప్పుడూ ఉంది. అయినా పన్నెండేళ్లుగా నేను వదలకుండా వాడుతున్నది ఆటోరన్స్. విండోస్‌తో పాటు వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా చూపించే టూల్ ఇది. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ తయారుచేసిన సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఇదొకటి. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది. ఇప్పటికీ ఉచితమే, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

దీని విలువ నాకు ఎక్స్‌పీ రోజుల్లో తెలిసింది. యాంటీవైరస్ ఏదో పట్టుకుంది, డిలీట్ చేసింది, రీస్టార్ట్ చేయమంది. చేశాను. పాస్‌వర్డ్ కొడితే సెట్టింగ్స్ లోడ్ అవుతున్నట్టు కనిపించి, మరుక్షణం లాగాఫ్ అయిపోయింది. మళ్లీ కొట్టినా అంతే. లోపల ఒక కస్టమర్ పెళ్లిపత్రిక ఫైలు ఉంది, సాయంత్రానికి ప్రింట్ ఇవ్వాలి. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

హార్డ్‌డిస్క్ తీసి ఇంకో సిస్టమ్‌కు తగిలించి, ఆటోరన్స్ ఫైల్ మెనూలో 'ఎనలైజ్ ఆఫ్‌లైన్ సిస్టమ్' నొక్కాను. విన్‌లాగాన్ కింద యూజర్‌ఇనిట్ వరుస పసుపు రంగులో వచ్చింది. పసుపు అంటే రెజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే చోట, పేరుంది, డిస్క్‌లో ఆ ఫైలు లేదు. యూజర్‌ఇనిట్ వరుస అంటే లాగిన్ కాగానే విండోస్ నడపాల్సిన ప్రోగ్రామ్ పేరు ఉండే చోటు. వైరస్ అక్కడున్న పేరు తీసేసి తన పేరు రాసుకుంది. యాంటీవైరస్ ఫైలును చంపింది గానీ ఆ రాతను ముట్టుకోలేదు. రెజిస్ట్రీని మార్చే రెజ్‌ఎడిట్‌లో ఆ డిస్క్ సాఫ్ట్‌వేర్ హైవ్‌ను (రెజిస్ట్రీలో ఒక భాగం ఉండే ఫైలు) లోడ్ చేసి, సిస్టమ్32లోని యూజర్‌ఇనిట్ దారి, చివర కామాతో సహా తిరిగి రాశాను. డెస్క్‌టాప్ వచ్చింది. పత్రిక అచ్చయింది.

ఆ తర్వాత వచ్చిన షార్ట్‌కట్ వైరస్ మమ్మల్ని ఇంకా ఎక్కువ ఏడిపించింది. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్‌లే కనపడతాయి. ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్లీ వచ్చేది. కారణం రెజిస్ట్రీలో, లాగిన్ కాగానే నడవాల్సినవి రాసి ఉండే రన్ కీలో దాక్కున్న ఒక్క లైను: డబ్ల్యూస్క్రిప్ట్ అనే విండోస్ సొంత ప్రోగ్రామ్‌తో ఒక వీబీఎస్ స్క్రిప్ట్ ఫైలును నడపమని. పాత వెర్షన్లలో 'హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్' టిక్ పెట్టి చూస్తే ఇలాంటివి కనపడకుండా పోయేవి. నేనలాగే రెండు రోజులు పోగొట్టుకున్నాను. అందుకే లాగాన్ ట్యాబ్ మాత్రం ఆ టిక్ తీసి, ఒక్కో లైను చదువుతాను.

గులాబీ రంగు లైను కనపడగానే కంగారు పడొద్దు. తయారీదారు వివరమో డిజిటల్ సంతకమో లేదని మాత్రమే దానర్థం. మా పాత తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్ కూడా గులాబీలోనే వస్తుంది. అనుమానం ఉంటే డిలీట్ చేయకుండా టిక్ మాత్రం తీయండి. ఆ ఎంట్రీ పక్కకు వెళ్తుంది, కావాలంటే మళ్లీ టిక్ పెట్టుకోవచ్చు. డ్రైవర్స్ ట్యాబ్ జోలికి తెలియకుండా వెళ్లకండి, సిస్టమ్ బూటే కాకపోవచ్చు.

ఇది చేయలేని పని చాలానే ఉంది. సిస్టమ్‌తో పాటు ఏవేవి మొదలవుతాయో చూపిస్తుంది, అంతే. టాస్క్ మేనేజర్‌ను వైరస్ ఆపేసి ఉంటే రెజిస్ట్రీలో అది రాసిన డిజేబుల్‌టాస్క్‌ఎంజీఆర్ విలువను మనమే వెతికి తీయాలి. శాలిటీ లాంటి వైరస్ రెజిస్ట్రీలోని సేఫ్‌బూట్ కీలనే చెరిపేస్తుంది, సేఫ్ మోడ్ ఇక పనిచేయదు. వాటిని ఆటోరన్స్ తిరిగి తేలేదు, బ్యాకప్ ఉండాలి. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి రెజిస్ట్రీ బ్యాకప్ రెగ్‌బ్యాక్ ఫోల్డర్‌లోకి దానంతటదే రావడం ఆగిపోయింది కాబట్టి, మనమే తీసి పెట్టుకోవాలి. డబ్బు కట్టి ఒక రెజిస్ట్రీ క్లీనర్ కూడా కొన్నాను. వందల తప్పులున్నాయని చూపించింది, అసలు వైరస్ లైనును మాత్రం వదిలేసింది.

కొత్తగా విండోస్ వేసిన రోజే ఆటోరన్స్‌లో సేవ్ కొట్టి, ఆ ఫైలును సీడీలో రాసి పెడతాను. తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా కంపేర్ నొక్కితే కొత్తగా చేరినవి ఆకుపచ్చగా కనపడతాయి. షాపులో ఐదు సిస్టమ్‌లు, ఐదు సీడీలు, ఒక్కోదాని మీద మార్కర్‌తో సిస్టమ్ నంబరు, తేదీ.