పీవై లాంచర్: మా పర్లాకిమిడి సెంటర్‌లో వాడి చూశాక

వేసవి సెలవుల్లో పాతపట్నం నుంచి వచ్చే ఓ డిగ్రీ అమ్మాయి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన తన ప్రాజెక్ట్‌ని పెన్ డ్రైవ్‌లో తెచ్చింది. మా సెంటర్‌లో రన్ చేస్తే సింటాక్స్ ఎర్రర్ (కోడ్ రాసిన తీరు తప్పనే సందేశం) వచ్చింది. "మేడమ్, రాత్రి మా అన్నయ్య ముందు మూడుసార్లు రన్ చేశాను, బాగానే వచ్చింది. ఇక్కడ ఏటయిందో తెలీట్లేదు" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు ఆ పిల్లది కాదు. కోడ్‌లో 'మ్యాచ్' అనే ఆదేశం వాడింది, అది 3.8 తర్వాత వచ్చిన పైథాన్ 3.10 వెర్షన్‌లో చేరింది. మా కంప్యూటర్‌లో పైథాన్ అని కొడితే లేచేది 3.8. అదే మెషీన్‌లో 3.12 కూడా ఉంది. దాన్ని ఎలా పిలవాలో మాత్రం నేను పిల్లలకి నేర్పలేదు.

ఆ రోజు సాయంత్రమే, కావలసిన పైథాన్ వెర్షన్‌ని పిలిచే పీవై లాంచర్ సంగతి తేల్చుకోవాలని కూర్చున్నాను. మా సెంటర్‌లో ఐదు డెస్క్‌టాప్‌లు, ఒక లైనక్స్ ల్యాప్‌టాప్ ఉన్నాయి. డెస్క్‌టాప్‌లలో ఒకటి ఇంకా విండోస్ 7, మిగతావి విండోస్ 10. విండోస్ 7కి పైథాన్ 3.8తోనే ఆఖరు, 3.9 నుంచి అందులో ఎక్కదు. అందుకే రెండు మూడు వెర్షన్లతో కాపురం మాకు తప్పదు. మాలాంటి చిన్న సెంటర్లు, బడులు నడిపేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

లాంచర్ అంటే పైథాన్ కాదు. పైథాన్‌ని వెతికి పట్టుకుని, మనం ఇచ్చిన ఫైల్‌ని దాని చేతికి అందించే చిన్న ప్రోగ్రామ్. విండోస్ కోసం దీన్ని పైథాన్ వాళ్లే పెప్ 397 అనే ప్రతిపాదన ప్రకారం తయారుచేసి, 2012లో వచ్చిన 3.3 నుంచి ఇన్‌స్టాలర్‌తో కలిపి ఇస్తున్నారు. 3.11కి వచ్చేసరికి చాలావరకు తిరగరాశారు. కమాండ్ ప్రాంప్ట్‌లో, అంటే ఆదేశాలు కొట్టే నల్ల కిటికీలో, పీవై (py) -3.12 అని కొట్టి పక్కన ఫైల్ పేరు ఇస్తే 3.12 లేస్తుంది, పీవై -3.8 అంటే 3.8 లేస్తుంది. పీవై -0 అంటే మెషీన్‌లో ఉన్న వెర్షన్లన్నీ వరసగా చూపిస్తుంది, మామూలుగా లేచేదాని పక్కన చుక్క (*) గుర్తు ఉంటుంది. ఆ అమ్మాయి ప్రాజెక్ట్ పీవై -3.12తో మొదటిసారే నడిచింది. ముందురోజే ఈ ముక్క చెప్పి ఉంటే ఆ పిల్ల అంత టెన్షన్ పడేది కాదు.

అంతకుముందు ఈ పనికి నేను బ్యాచ్ ఫైల్ (విండోస్ వరసగా నడిపే ఆదేశాల ఫైల్) రాసి వాడేదాన్ని. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బాగా తెలిసింది. బ్యాచ్ ఫైల్‌లో ప్రోగ్రామ్ పేరు తర్వాత మనం కొట్టినవాటిని ఒకటో మాట, రెండో మాట అని విడివిడిగా అందుకుంటే కామా, సెమికోలన్, ఈక్వల్ గుర్తు కూడా ఖాళీ కిందే లెక్క. సంత ధరల లెక్కకి ఒక కుర్రాడు వంకాయ=30 అని ఇచ్చేవాడు. ప్రోగ్రామ్‌కి చేరేసరికి వంకాయ ఒక మాట, 30 ఇంకో మాట, మధ్యలో గుర్తు మాయం. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని కంట్రోల్-సి నొక్కి ఆపితే, బ్యాచ్ పని ఆపేయమంటారా, ఎస్ ఆ నో ఆ అని అడిగేది. కొత్త పిల్లలు ఆ ప్రశ్న చూసి ఏదో పాడుచేశామనుకుని చేతులు తీసేసేవారు. పీవై మాత్రం అసలైన ఈఎక్స్ఈ ఫైల్, అంటే నేరుగా నడిచే ప్రోగ్రామ్. మనం కొట్టిన మాటల్ని ముట్టుకోకుండా పైథాన్‌కి దాటిస్తుంది. కంట్రోల్-సి నొక్కితే పైథాన్ ఆగుతుంది, మధ్యలో ప్రశ్నలు లేవు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష పేర్లది. మా దగ్గర గుమ్మ, సెరంగో వైపు నుంచి వచ్చే సవర పిల్లలున్నారు, ఒడియా పిల్లలున్నారు, తెలుగు వాళ్లున్నారు. ఎవరి ఫోల్డర్‌కి వాళ్లు తమ భాషలో పేరు పెట్టుకుంటారు, పెట్టుకోవాలి కూడా. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడిన ఊరు ఇది. ఇక్కడ కూర్చుని పిల్లలకి ఇంగ్లీషులోనే పేర్లు పెట్టమని చెప్పలేను. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి మాటల్ని లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాయించాను. దాన్ని 'గిడుగు వారి పాఠం' అనే ఫోల్డర్‌లో, 'మాటల లెక్క' అనే పేరుతో పెట్టాను. తెలుగు అక్షరాలు, మధ్యలో ఖాళీలు, రెండూ ఉన్నాయి. కొటేషన్ గుర్తుల మధ్య దారి ఇచ్చి పీవైతో నడిపితే ఎక్కడా తడబడలేదు. ఒడియా లిపి ఫోల్డర్‌తోనూ అంతే. వెతకాల్సిన మాట తెలుగులో ఇస్తే ఆ మాట అక్షరం పోకుండా లోపలికి వెళ్లింది. నా పాత బ్యాచ్ ఫైల్ ఇక్కడే దెబ్బతింది. దాని లోపల తెలుగు ఫోల్డర్ దారి రాసి ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తన పాత కోడ్ పేజీలో (అక్షరాల పట్టికలో) దాన్ని చదివి, పిచ్చి గుర్తులు చేసి, ఫోల్డర్ లేదని తేల్చింది.

ఒక ఇబ్బంది వచ్చింది కానీ అది లాంచర్‌ది కాదు. స్క్రీన్ మీదికి వెళ్లినంతసేపు బాగానే ఉన్న ప్రోగ్రామ్, ఫలితాన్ని బాణం గుర్తుతో (>) ఫైల్‌లోకి మళ్లించగానే 'చార్‌మ్యాప్' అంటూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. ఫైల్‌లోకి పంపేటప్పుడు పైథాన్ విండోస్ పాత కోడ్ పేజీనే వాడుతుంది, అందులో తెలుగుకి చోటు లేదు. పీవై తర్వాత -ఎక్స్ యూటీఎఫ్8 (-X utf8, అన్ని లిపులూ పట్టే పద్ధతి) అని చేరిస్తే సరిపోయింది. ఆ మాటని కూడా లాంచర్ చక్కగా దాటించింది. తెలుగులో పనిచేసేవాళ్లు ఎవరికైనా ఇది ఎదురయ్యేదే, గుర్తుపెట్టుకోండి.

ఫైల్ మొదటి వరసలో షెబాంగ్ (#! గుర్తులతో మొదలయ్యే వరస) రాసి వెర్షన్ చెప్పే పద్ధతి లైనక్స్‌ది. విండోస్‌కి అది పట్టదు, పీవై మాత్రం చదువుతుంది. మొదటి వరసలో పైథాన్3.8 అని ఉంటే, ఏ అంకె ఇవ్వకుండా నడిపినా 3.8నే పిలిచింది. ఇందులో నన్ను ఒక పూట తిప్పిన సంగతి ఒకటుంది. యూఎస్ఆర్, బిన్, ఎన్వ్ (/usr/bin/env) అంటూ మొదలయ్యే రకం వరస రాస్తే, లాంచర్ ముందు పాత్‌లో, అంటే విండోస్ ప్రోగ్రామ్‌ల కోసం చూసే ఫోల్డర్ల జాబితాలో, వెతుకుతుంది. మా మెషీన్‌లో పాత్‌లో ఉన్నది 3.8. జాబితాలో చుక్క 3.12 పక్కన ఉంది, లేచింది మాత్రం 3.8. డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, పొరపాటు అనను. కానీ క్లాసులో దీన్ని పిల్లలకి వివరించడం కష్టం. ఇప్పుడు ఆ రకం వరస వాడొద్దని చెబుతున్నాను.

విండోస్‌లో రాసిన ఫైల్‌ని లైనక్స్ ల్యాప్‌టాప్‌లో నేరుగా నడిపితే అదే మొదటి వరస దగ్గర ఆగింది. వరస చివర విండోస్ పెట్టే కనిపించని గుర్తు కూడా పేరులో కలిసిపోతుంది. ఆ ల్యాప్‌టాప్‌లో వాడింది వేరే లాంచర్. లైనక్స్ లాంటి యునిక్స్ మెషీన్ల కోసం, పైథాన్ తయారుచేసేవాళ్లలో ఒకరైన బ్రెట్ కానన్ రస్ట్ భాషలో రాసింది, దాని పేరు కూడా పీవైనే. అందులో నాకు బాగా నచ్చినది, ఉన్న ఫోల్డర్‌లో, లేకపోతే దాని పై ఫోల్డర్లలో .వెన్వ్ (ఆ ప్రాజెక్ట్ కోసం విడిగా పెట్టుకునే పైథాన్, ప్యాకేజీల ఫోల్డర్) ఉంటే తనంతట తానే దాన్ని వాడుకోవడం. విండోస్ పీవైకి ఆ అలవాటు లేదు. ముందుగా యాక్టివేట్ చేస్తేనే అందులోని పైథాన్‌ని పట్టుకుంటుంది. ల్యాప్‌టాప్ మీద నేర్చుకున్న పిల్లలు డెస్క్‌టాప్‌కి వచ్చి, వేసిన ప్యాకేజీ కనిపించట్లేదని ప్రతిసారీ నా దగ్గరికే వస్తారు. రెండు లాంచర్లకీ పేరు ఒకటే పెట్టినప్పుడు ఈ పద్ధతి కూడా ఒకటే ఉంటే ఎంత బాగుండేదో.

లేని వెర్షన్ అడిగితే ఏంచేస్తుందో కూడా చూశాను. పీవై -3.5 అంటే తగిన పైథాన్ దొరకలేదని చెప్పి, 103 అనే ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) ఇచ్చి ఆగింది. దగ్గరలో ఉన్న ఇంకో వెర్షన్‌ని గుట్టుగా లేపలేదు. ఇదే సరైన పద్ధతి. ప్రోగ్రామ్ తనంతట తాను 7 ఇచ్చి ముగిస్తే, బయటికీ 7 వచ్చింది. లాంచర్ మధ్యలో ఉండడం వల్ల ఆలస్యం ఏమైనా ఉందా అంటే, 4 జీబీ ర్యామ్ ఉన్న మా పాత డెస్క్‌టాప్‌లో కూడా నా కంటికి ఆనలేదు. టాస్క్ మేనేజర్‌లో పీవై, పైథాన్ రెండూ కనిపిస్తాయి. ఒకటి పనిచేస్తుంది, ఇంకోటి దాని కోసం కాచుకుని ఉంటుంది.

దీని జంట పీవైడబ్ల్యూని మాత్రం కొత్తవాళ్లకి ఇవ్వకండి. నల్ల కిటికీ రాకుండా ప్రోగ్రామ్ తెరుస్తుంది, నిజమే. కానీ కోడ్‌లో తప్పుంటే ఎర్రర్ కూడా కనిపించదు. పిల్లవాడు ఐకాన్ మీద క్లిక్ చేస్తూనే ఉంటాడు, ఏమీ జరగదు.

మామూలుగా లేచే వెర్షన్‌ని మార్చడానికి నేను పీవై_పైథాన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రామ్‌లు చూసుకునేలా విండోస్ గుర్తుంచుకునే సెట్టింగ్‌లో) 3.12 పెట్టాను. పీవై.ఐఎన్ఐ అనే ఫైల్‌లో రాసినా పనవుతుంది, అయితే రెండూ ఉంటే వేరియబుల్ మాటే చెల్లుతుంది.

ఇప్పుడు కొత్తగా కంప్యూటర్ సిద్ధం చేసుకునేవాళ్లు ఒక మార్పు చూసుకోవాలి. 3.14తో పాటు పైథాన్ ఇన్‌స్టాల్ మేనేజర్ వచ్చింది, ఇకమీదట పాత లాంచర్ స్థానం దానిదే. పీవై అనే మాట అలాగే ఉంది. పైగా పీవై ఇన్‌స్టాల్ 3.14 అంటే ఆ వెర్షన్‌ని తనే దింపి పెడుతుంది. ఒక మెషీన్‌లో వేశాను. మొదట పీవై అంటే పాతదే పలికింది. పాత లాంచర్‌ని యాప్స్ జాబితాలోంచి తీసేశాక కొత్తది లేచింది. తీయడం ఇష్టం లేకపోతే పీవైమేనేజర్ అని పూర్తిగా కొట్టినా వస్తుంది. మిగతా మూడు విండోస్ 10 మెషీన్లని దసరా సెలవుల్లో మారుస్తాను. విండోస్ 7 మెషీన్‌లో పాత లాంచర్, 3.8 అలాగే ఉంటాయి. పాతపట్నం అమ్మాయికి మాత్రం ఆ మెషీన్ ఇవ్వను.